నాలుగు తలకట్లు

నవంబరు 4, సోమవారం

పొద్దున్నే సుహాస్ పిలిచాడు. నోయిడాలో మా డిజైన్ స్టూడియో ఓనరు, హైదరాబాదు మనిషి, నాకన్నా పదిహేనేళ్లు చిన్న.

"సాయన్నా, ఒక తెలుగు క్లయింట్ దొరికింది. హైమవతి ఆంటీ అని, ఢిల్లీల అశోకా రోడ్ వెనక గల్లీల మెస్సు నడుపుతది. ఇప్పుడు పొడులు ప్యాకెట్లల్ల అమ్ముతదంట. పేరు 'కమ్మదనం'. లోగో బ్రష్‌తోని చేత్తో రాసినట్టు ఉండాలంట. నీకేమున్నది, ఎడమచేతి పని."

రాసినట్టు! ఆ మాటకే ఒళ్లు మండింది. ప్రొద్దుటూరులో పాపయ్య గారి దగ్గర ఐదేళ్లు బోర్డులు రాసిన సాయిప్రకాష్‌ను పట్టుకుని 'రాసినట్టు' ఉండాలంటాడు. నన్ను క్లయింట్ల ముందు కూర్చోబెట్టేది కూడా ఆ ఐదేళ్ల గురించి చెప్పుకోవడానికే. "మా దగ్గర అసలైన సైన్‌బోర్డ్ ఆర్టిస్ట్ ఉన్నడు" అంటాడు. ఈ ఆఫీసులో నాకున్న మర్యాద అదొక్కటే. సాఫ్ట్‌వేర్ విషయంలో నాకన్నా చురుకైనవాళ్లు పక్క కుర్చీల్లోనే ఉన్నారు.

ఈ చిరాకంతా ఇంట్లో ఎవరికి చెప్పాలి? మా అమ్మాయి హాసిని చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యదు. మా ఆవిడ లీలావతి "ఊఁ" అంటుంది, కూర కలుపుతుంది. అందుకని ఆవిడ పనిచేసే మినిస్ట్రీలో ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంటే తెచ్చుకుని ఇందులో రాస్తున్నాను.

నవంబరు 5

బ్రష్ ఒకటి కొనాలి. ఇంట్లో లేదు.

నవంబరు 6, బుధవారం

సుహాస్, నేను మెస్సుకు వెళ్లాం. ఒంటిగంటకు లోపల కాలు పెట్టే చోటు లేదు. సగం మంది సెక్రటేరియట్ వాళ్లు, సగం మంది ఊళ్ల నుంచి పనుల మీద వచ్చినవాళ్లు. హైమవతి గారికి అరవై దాటి ఉంటాయి, రాజమండ్రి మనిషి. కళ్లజోడు తాడు కట్టి మెళ్లో వేసుకుంటారు. మాట్లాడుతూనే ఎవరి కంచంలో ఏది తక్కువైందో చూస్తుంటారు.

సుహాస్ ఊరుకోడు కదా. "ఆంటీ, ప్యాకెట్ మీద 'చేత్తో దంచిన పొడి' అని ట్యాగ్‌లైన్ ఏద్దాం. మస్తు పోతది" అన్నాడు.

"అలా ఎలా వేస్తావు బాబూ? ఘాజియాబాద్‌లో గ్రైండరు మీద ఆడిస్తున్నాం. పప్పులు మాత్రం నేనే దగ్గరుండి వేయిస్తాను. గ్రైండరని వేయించు, తప్పేముంది?" అన్నారు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, "నాకీ లోగోల సంగతి పెద్దగా తెలీదండీ. అచ్చు అక్షరాలు చూస్తే పరీక్ష పేపరు గుర్తొస్తుంది. కాస్త చేత్తో రాసినట్టుంటే చాలు" అన్నారు.

మళ్లీ అదే మాట. ఆగలేకపోయాను.

"రాసినట్టేందమ్మా, నేనే రాసిస్తా. ప్రొద్దుటూరులో సగం అంగళ్ల బోర్డులు ఈ చేతివే."

"అయ్యో, అంత శ్రమెందుకండీ?"

"శ్రమ యాడుంది, ఇది నాకు నిమిషం పని."

ఆవిడ సంతోషించి గోంగూర ఇంకాస్త వడ్డించారు. సుహాస్ నా భుజం తట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నా కుడిచెయ్యి ఎందుకో జేబులోంచి బయటికి తీయబుద్ధి కాలేదు. చలి మొదలైంది.

నవంబరు 9, శనివారం

తీరిక లేక బ్రష్ కొనలేదు. అయినా బ్రష్‌తో రాసి, స్కాన్ చేసి, శుభ్రం చేయడం కన్నా నేరుగా సాఫ్ట్‌వేర్‌లో చేయడమే తెలివైన పని. ఇప్పుడు అందరూ అలాగే చేస్తారు. చెయ్యి అంటే పెన్సిలూ చెయ్యే, మౌసూ చెయ్యే.

అయితే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే బ్రష్ ముద్రలన్నీ చచ్చుగా ఉన్నాయి. ప్రపంచంలో ప్రతి కాఫీ షాపు బోర్డు మీదా అవే. మన ముద్ర మనమే చేసుకోవాలి. దానికి అసలైన గీత ఒకటి కావాలి. కాగితం మీద గీసి స్కాన్ చేసి ఇస్తే, మనం మౌసుతో ఏ వంపు గీసినా సాఫ్ట్‌వేర్ ఆ ముద్రను దాని వెంట సాగదీసి అతికిస్తుంది. బాత్రూంలో లీలావతి జుట్టుకు రంగు వేసుకునే బ్రష్ కనబడింది. హాసిని నల్ల పోస్టర్ కలరులో ముంచి ఎ-ఫోర్ కాగితం మీద గీతలు లాగాను.

హాసిని వచ్చి చూసింది. "పాపా, యే తో మమ్మీ కా డై బ్రష్ హై!"

"తెలుగులో చెప్పు."

"తెలుగులో భీ మమ్మీ కా హీ హై." ఏ భాషలో చెప్పినా అది వాళ్లమ్మదేనట.

పదిహేను గీతలు లాగితే ఒక్కటి పనికొచ్చింది. తల దగ్గర చిక్కగా, తోక దగ్గర పోగులు పోగులుగా ఆరిపోయినట్టు ఉంది. మిగతావి వణికాయి. డై బ్రష్ కదా, పట్టు సరిగ్గా ఉండదు.

నవంబరు 10, ఆదివారం

బ్రష్ కొనడానికి పాత ఢిల్లీలో నయీ సడక్ దాకా వెళ్లాలి. ఆదివారం విపరీతమైన రద్దీ. వచ్చే వారం చూద్దాం.

నవంబరు 12, మంగళవారం

తల ప్రాణం తోకకు వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్ చేసిన పుణ్యాత్ముడు జీవితంలో తెలుగు అక్షరం చూసి ఉండడు. వాళ్లకు అక్షరమంటే రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. బ్రష్ ముద్ర సాఫీగా సాగుతుంది. మన క ఉందే, అది ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. మలుపు వచ్చిన ప్రతిచోటా ముద్ర ముడుచుకుపోయి, మోకాలి వెనక ప్యాంటు ముడతలు పడ్డట్టు తయారవుతోంది. ముడతలు తీయడానికి అక్షరాన్ని ముక్కలు చేశాను. అతుకులు కనబడ్డాయి. అతుకులు దాచడానికి ఇంకో పొర వేశాను. ద బొద్దింకలా తయారైంది. మ్మ కింద ఒత్తు సున్నితంగా జారాలి కదా, కొక్కెంలా వేలాడింది. మొత్తం కలిపి ముద్రను గీతల్లోకి మార్చమంటే గీతల వెంట పట్టుకుని లాగే చుక్కలు నలభై వేలు పుట్టుకొచ్చి, కంప్యూటరు ఫ్యాను ఆటోలా అరిచి ఆగిపోయింది. గంట పని గంగలో కలిసింది.

సుహాస్ వెనక నిలబడి చూశాడు. "అన్నా, జర ఆర్గానిక్ గా రావాలె."

"వస్తా ఉంది."

"ఏఐతోని ఒక్కసారి ట్రై చేద్దామా? రెండు నిమిషాల్ల అయితది."

రెండు నిమిషాల్లో అయింది కూడా. బ్రష్ గీతలు అద్భుతం, రంగు కారడం అద్భుతం. అక్షరాలు మాత్రం ఏ భాషవో ఎవరికీ తెలియదు. కన్నడం వాళ్లు కూడా మాది కాదంటారు. సుహాస్ దాన్ని చూసి, నన్ను చూసి, "నువ్వే రాయి అన్నా. ఇంకెవ్వరితోని కాదు" అని వెళ్లిపోయాడు.

ఆ మాటకు సంతోషం వేసింది. సంతోషంతో మళ్లీ మౌసే పట్టుకున్నాను.

సాయంత్రానికి ఒక రూపం వచ్చింది. తలకట్టు మాత్రం భలే కుదిరింది. ఒక్క విసురు, చివర రెండు పోగులు. ఇంత మంచిది మళ్లీ రాదనిపించి దాన్నే నకలు తీసి క మీద, మ్మ మీద, ద మీద, నం మీద పెట్టాను. నాలుగూ పొందిగ్గా కూర్చున్నాయి.

నవంబరు 14, గురువారం

ప్రింటు తీసి మెస్సుకు పట్టుకెళ్లాను. హైమవతి గారు కళ్లజోడు పెట్టుకుని కాగితం దూరంగా పట్టుకుని చూశారు. దగ్గరగా పట్టుకుని చూశారు. పెదవి కాస్త బిగించారు.

"బాగుందండీ. కానీ నాలుగు తలకట్లూ ఒక్కలాగే ఉన్నాయేవిటీ?"

"ఒకే చెయ్యి కదమ్మా."

"మా దగ్గర అప్పడాలు ఒత్తే మనిషిదీ ఒకటే చెయ్యి. రోజుకి రెండొందలు ఒత్తుతుంది. ఏ రెండూ ఒక్కలా రావు. ఇవి చూడండి, ఆ చివర రెండు పోగులు కూడా నాలుగింటికీ అక్కడే ఉన్నాయి."

ఇరవై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇంత తప్పు ఎలా చేశాను? అప్పుడు ఆ చిన్న మాట చెప్పేస్తే సరిపోయేది: కంప్యూటర్లో చేశానమ్మా, సరిచేస్తాను. నోరు అటు పోలేదు.

"ఇది ఊరికే నమూనా అమ్మా. అసలుది ఇంట్లో రాస్తా ఉండా."

పాపయ్య గారైతే పేరంతటికీ ముందు అక్షరాల ఒళ్లు గీసేవారు. తలకట్లు ఆఖరున. బ్రష్ నిండా రంగు ముంచి, ఊపిరి బిగబట్టి, వరసగా టక టక టక టక పెట్టుకుంటూ వెళ్లేవారు. ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండేది కాదు, అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా ఉండేవి. తలకట్లు ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. నేను కింద నిచ్చెన పట్టుకుని చూసేవాణ్ణి.

అంటే, తలకట్లు పెట్టే సమయంలో మాత్రం.

నవంబరు 15

బ్రష్ కొనలేదు.

నవంబరు 16, శనివారం

రోజంతా నాలుగు తలకట్లను నాలుగు రకాలుగా పాడుచేశాను. ఒకదాని తోక కత్తిరించాను, ఒకదాన్ని కాస్త వంచాను, ఒకదానికి పోగు పెంచాను, నాలుగోదానికి రంగు తక్కువైనట్టు మధ్యలో తెల్ల చారలు పెట్టాను. మనిషి చెయ్యి ఎక్కడెక్కడ తప్పుతుందో ఊహించి, ఒక్కొక్క చుక్కా లాగి ఆ తప్పులన్నీ చేశాను. కళ్లు మండుతున్నాయి. చెయ్యి తప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు.

బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది. ఇది చూసి ఇది చేత్తో రాసింది కాదని ఎవడైనా అంటే చెవి కోయించుకుంటాను.

నవంబరు 19, మంగళవారం

హైమవతి గారు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం కాదు, మురిసిపోయారు. వంటవాళ్లను పిలిచి చూపించారు. "ఇదిగో, ఇదీ రాతంటే. ఈయనే స్వయంగా చేత్తో రాశారు. అంతేనాండీ?"

"అవునమ్మా, నేనే రాసినా" అన్నాను.

నవంబరు 20

సుహాస్ ఆఫీసంతా చెప్పాడు. ఫైలు పెద్ద తెర మీద పెట్టి, "దిస్ ఈజ్ హ్యాండ్" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఫైలు లోపల ఎన్ని పొరలున్నాయో ఎవరూ తెరిచి చూడలేదు. చూసినా కనబడకుండా పొరలన్నీ నేనే ఒకటిగా కలిపేసి ఇచ్చాను. అది మామూలుగా చేసే పనే.

నవంబరు 23, శనివారం

ప్యాకెట్లు అచ్చుకు వెళ్లాయి, పీడ వదిలిందనుకున్నాను. పదకొండింటికి హైమవతి గారి ఫోను.

"సాయిప్రకాష్ గారూ, ఒక మాట. మెస్సు ముందున్న ఫ్లెక్సు ఎండకి వెలిసిపోయింది. తీయించేస్తున్నాను. గోడకి సున్నం కొట్టిస్తాను, మీరొచ్చి 'కమ్మదనం' అని రాసిపెట్టాలి. ప్యాకెట్ మీద ఎలా ఉందో అలాగే. ఇంత చెయ్యి ఢిల్లీలో ఉండగా మళ్లీ ఫ్లెక్సెందుకండీ?"

"తప్పకుండా అమ్మా" అన్నాను. నేను కాదు, నా నోరు అంది. వీలుంటే నా నోటికి తాళం వేసి తాళం యమునలో పారేయాలి.

నవంబరు 25, సోమవారం

బతికిపోయాను. కాలుష్యం హద్దు దాటిందట. ఊళ్లో కట్టడాల పనులు, రంగులు వేసే పనులు అన్నీ ఆపేయమన్నారు. హాసిని స్కూలు కూడా ఆన్‌లైనే. వెంటనే ఫోన్ చేశాను.

"గోడ మీద రంగు వెయ్యకూడదంటమ్మా. చలాన్ రాస్తారు."

"ఒక్క పేరు రాస్తే కూడానా?"

"ఒక్క అక్షరం రాసినా అంతేనమ్మా. ఢిల్లీ సంగతి మీకు తెలీదా?"

ఊరంతా మాస్కులు కట్టుకుని దగ్గుతోంది. కిటికీ అవతల ఆర్.కె. పురం క్వార్టర్లు కనబడటం లేదు. లీలావతి గొంతు బొంగురుపోయింది. నాకు మాత్రం హాయిగా ఊపిరి ఆడుతోంది. నేను మంచివాణ్ణి కాదేమోనని అనుమానం వస్తోంది.

నవంబరు 28

ఈరోజు కూడా గాలి బాగాలేదు. దేవుడి దయ.

డిసెంబరు 2, సోమవారం

హైమవతి గారు మళ్లీ ఫోన్ చేశారు. ఫ్లెక్సు తీసేశారట. వచ్చినవాళ్లు మెస్సు మూసేశారనుకుని వెనక్కి పోతున్నారట. "మీరెప్పుడంటే అప్పుడేనండీ, తొందరేం లేదు" అని మూడుసార్లు అన్నారు. తొందర లేనివాళ్లు మూడుసార్లు అనరు.

నాకు మెడనొప్పని చెప్పాను. అది నిజమే. నలభై వేల చుక్కలు లాగితే ఎవరికైనా వస్తుంది.

డిసెంబరు 5, గురువారం

నిషేధం ఎత్తేశారు. గాలి మెరుగుపడిందట. ఎవడు మెరుగుపడమన్నాడు దాన్ని?

హైమవతి గారు: ఆదివారం మూడింటికి. భోజనాలయ్యాక. గోడ సిద్ధం.

డిసెంబరు 6, శుక్రవారం

సెలవు పెట్టి నయీ సడక్ వెళ్లాను. ఒక అంగుళం బ్రష్, అరంగుళం బ్రష్, ఎర్ర ఎనామిల్ డబ్బా కొన్నాను. కొట్టువాడు "సైన్ పెయింటర్ హో క్యా, భాయీ సాబ్?" అన్నాడు. "హాఁ" అన్నాను. ఎవడడిగినా ముందు ఔననడం నాకు రోగమైపోయింది.

ఇంటికొచ్చి హాల్లో నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాను. క రాశాను. కాదు, రాయబోయాను. బ్రష్ ఎక్కడ ఆన్చాలో తెలియలేదు. గుండ్రం ఎటునుంచి మొదలు? ఎంత నొక్కాలి? మధ్యలో రంగు అయిపోతే ఎక్కడ ఆపి ముంచుకోవాలి? పది పేపర్లు పాడయ్యాయి. అక్షరాలన్నీ నీళ్లలో నానినట్టు ఉబ్బాయి. చెయ్యి భుజం దాకా బిగుసుకుపోయింది.

లీలావతి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ చూసింది. హ్యాండ్‌బ్యాగు కింద పెట్టి ఒక పేపరు చేతిలోకి తీసుకుంది.

"వాడక చెయ్యి పోయింది. ఇరవై ఏండ్లాయె కదా" అన్నాను.

"పోయేదానికి ఎప్పుడొచ్చినాది?" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది. "మా నాయన గుడ్డలంగడికి మీరిద్దరూ బోర్డు రాసినప్పుడు నేను ఎదురుగ్గా మిద్దె మీద ఉన్న్యా కదా. గీతలు పాపయ్య గీసె. నువ్వు తల మీద తువ్వాల ఏసుకోని లోపల రంగు నింపితివి. బాగా నింపేవాడివి, గీత దాటకుండా. అది చూసే కదా నిన్ను..."

అక్కడ ఆగి, గ్యాస్ మీద టీ పెట్టడానికి వెళ్లింది.

డిసెంబరు 7, శనివారం

నిజమే.

ఐదేళ్లలో నేను ఒక్క అక్షరం కూడా మొదలుపెట్టలేదు. గీత ఆయనది, లోపలి రంగు నాది. రెండో ఏడు ఒకసారి అడిగాను, నేను రాస్తానని. "ఇంకా రోజులుండాయి లేరా" అన్నారు. మళ్లీ అడగలేదు. ఈలోగా ఫ్లెక్సులొచ్చాయి, ఆయన కొట్టు మూసేశారు, నేను హైదరాబాదు వెళ్లి కంప్యూటరు నేర్చుకున్నాను. మొదటి ఇంటర్వ్యూలో "బోర్డులు రాసేవాణ్ణి" అన్నాను. నింపేవాణ్ణి అంటే ఎవరికి అర్థమవుతుంది? అలా అని అని చివరికి నేనే నమ్మాను. పోయిన చెయ్యి అని ఇన్నాళ్లు ఏడ్చింది నాకు ఎప్పుడూ లేని చెయ్యి కోసం.

సాయంత్రం సుహాస్‌కు చెప్పకుండా ఆఫీసుకు వెళ్లి, పెద్ద ప్రింటరు మీద లోగో గీతలు మాత్రం గోడ సైజులో తీసుకొచ్చాను. కింద కార్బన్ పేపరు పెట్టి గోడకు అంటించి, అంచుల వెంట పెన్సిలుతో గీసుకుని, లోపల ఎరుపు నింపేస్తాను. నింపడం నాకు వచ్చు. అచ్చం ప్యాకెట్ మీద ఉన్నట్టే వస్తుంది. ఎవరికీ తెలియదు.

డిసెంబరు 8, ఆదివారం

మూడింటికి వెళ్లాను. గోడ తెల్లగా ఉంది. హైమవతి గారు నా కోసం స్టూలు, తుడుచుకోవడానికి పాత గుడ్డ, మజ్జిగ కూడా సిద్ధం చేశారు. ఇద్దరు వంటవాళ్లు చూడ్డానికి బయటికొచ్చి నిలబడ్డారు.

నేను కాగితం చుట్ట విప్పాను.

"అదేవిటండీ?" అన్నారు ఆవిడ.

నమూనా అనొచ్చు. కొలత కోసం అనొచ్చు. నోట్లో రెండు మూడు సిద్ధంగా ఉన్నాయి. వంటవాళ్లు వింటున్నారు. ఆ తెల్ల గోడ చూస్తే ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"అమ్మా, ఆ లోగో నేను చేత్తో రాసింది కాదు. అంతా కంప్యూటర్లో చేసినా. బోర్డులు కూడా నేను ఎప్పుడూ రాయలేదు. ఒకాయన గీస్తే రంగు నింపేవాణ్ణి. ఇది అంటించి, దీని లోపల నింపుదామని తెచ్చినా."

ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. కోపం వచ్చిందని ముక్కు చూస్తేనే తెలిసింది.

"గ్రైండరని ప్యాకెట్ మీద వేయించినదాన్ని నేను. కంప్యూటర్లో చేశానంటే వద్దంటానా? లోగో చేత్తోనే రాయమని నేనడిగానా అసలు?"

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. 'రాసినట్టు' అన్నారు, అంతే. నెల రోజుల నుంచి నన్ను పీక్కుతిన్న అబద్ధాన్ని ఎవరూ అడగకుండా నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

"మీరు చెప్పారని వచ్చినవాళ్లందరికీ చెప్పాను కదండీ, చేత్తో రాసిందని. ఇప్పుడు నేను అబద్ధాలకోరునయ్యాను" అన్నారు. చేతిలోని కాగితం కిందికి దించాను.

ఆవిడ గోడ వైపు చూసి, "సరే, జరిగిందేదో జరిగింది. గోడ మీద పేరు పడాలి, ఏడింటికి జనం వస్తారు. అంటించి నింపుతారో ఏం చేస్తారో మీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయారు.

నా ఇష్టం.

కాగితం గోడకు ఆనించాను. అంచులు కరెక్టుగా కుదిరాయి. నాలుగు తలకట్లు, నాలుగు రకాల దొంగ తప్పులు. గంటలో అయిపోతుంది. గీత దాటకుండా నింపుతాను.

పది నిమిషాలు అలాగే పట్టుకుని ఉన్నాను. తర్వాత చుట్ట చుట్టేసి స్టూలు కింద పెట్టాను. ధైర్యం కాదు. నాకే చిరాకు వేసింది. నలభై ఏడేళ్లొచ్చి ఇంకా ఒకరి గీతలోనే నింపుతూ కూర్చోవడం మీద చిరాకు.

పెన్సిలుతో పైనొక గీత, కిందొక గీత లాగాను. బ్రష్ ముంచాను. క మొదలుపెట్టాను.

బాగా రాలేదు. అది ఇందులో రాసి తీరాలి, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నాకిక చోటు లేదు. క పొట్ట ఉబ్బింది. మ్మ ఒత్తు కింది గీత దాటి కిందికి జారింది. ద ఎందుకో చిన్నదైంది. మొదటి మూడు అక్షరాలకే చోటంతా తినేశాను, చివరి నం ఇరుక్కుని బస్సులో ఆఖరి సీటు దొరికిన మనిషిలా కూర్చుంది. తలకట్లు ఆఖరున పెట్టాను, ఊపిరి బిగబట్టి. మొదటిది వణికింది. రెండోది పొడుగైంది. మూడోదానికి రంగు చాల్లేదు. నాలుగోది పరవాలేదు.

ఐదున్నరైంది. హైమవతి గారు బయటికొచ్చి, వీధికి అవతల దాకా వెళ్లి నిలబడి చూశారు. నేను స్టూలు దిగలేదు.

"ప్యాకెట్ మీదదే బాగుందండీ" అన్నారు.

"అవునమ్మా."

"నం కి చోటు చూసుకోవాల్సింది."

"అవునమ్మా. కావాలంటే సున్నం కొట్టి..."

"ఎన్నిసార్లు కొట్టిస్తానండీ? ఉండనీయండి."

అప్పుడే మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. ఒకడు గోడ వైపు చూసి "కమ్మదనం. ఇదేరా, మూసేయలేదు" అన్నాడు. హైమవతి గారు వాళ్లకు ఏడింటికి రమ్మని చెప్పారు. వాడు అక్షరాల గురించి ఏమీ అనలేదు. చదివాడు, బండి తిప్పుకుని వెళ్లాడు. నేను రాసింది ఒకడు చదివాడు. ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎనామిల్ వాసనకు అనుకోవచ్చు, కానీ కాదు.

బ్రష్‌లు కిరసనాయిల్లో ముంచుతుంటే ఆవిడ మళ్లీ వచ్చారు. ముక్కు మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"మూల మీ పేరు వేయరేవిటండీ? బోర్డు రాసినవాళ్లు వేసుకుంటారు కదా."

పాపయ్య గారి పేరు ఆ మూలల్లో కొన్ని వందలసార్లు నింపి ఉంటాను. నాది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అరంగుళం బ్రష్ తీసి తుడిచి, కింద కుడివైపు వంగి కూర్చున్నాను. ఆవిడ వెళ్లిపోతారేమోనని చూశాను, వెళ్లలేదు. సాయిప్రకాష్ అని రాశాను. ప్ర దగ్గర రంగు కొంచెం కారింది. తుడవలేదు.

"ఇదైనా మీరే రాశారుగా?" అన్నారు హైమవతి గారు.

నేనే రాశాను. ఇది నా మొదటి బోర్డు.